కుడివైపు సగం

గల్ఫ్ యుద్ధం రోజుల్లో కంపెనీవాళ్ళు ముఖానికి తగిలించుకోమని ఇచ్చిన గ్యాస్ మాస్కును స్క్రూడ్రైవరు పెట్టి విప్పి చూసిన మనిషిని నేను. లోపల ఏముందో తెలియకుండా ముక్కుకు ఎలా తగిలించుకుంటాం చెప్పండి? ఉన్నది నల్లటి బొగ్గుపొడి. మళ్ళీ డబ్బా బిగించాను గానీ సరిగ్గా కుదరలేదు, వేలితో కదిపితే కదిలేది. ఆ నెలన్నర రోజులూ సైరన్ మోగినప్పుడల్లా ఆ పనికిరాని మాస్కే తగిలించుకుని, మిగతావాళ్ళతో పాటు గోడవార బుద్ధిగా కూర్చున్నాను. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఏది కనిపించినా విప్పి చూడాలనే ఈ పాడు బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది. దానివల్ల చాలాసార్లు నా వస్తువులే పాడయ్యాయి. ఒక్కసారి మాత్రం ఇంకొకరి తొమ్మిదేళ్ళ పని నా చేతిలో పోయింది. ఆ సంగతే రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా. టైపు హయ్యరు పాసై, యుద్ధానికి కొన్ని నెలల ముందు సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర ఒక పాల ఫారంలో ఆఫీసు పనికి వచ్చాను. చుట్టూ ఇసుక, మధ్యలో ఆరు వందల నలుపూ తెలుపూ విదేశీ ఆవులు. ఆ ఎండలో వాటికి పెద్ద పెద్ద ఫ్యాన్లు, పైనుంచి నీటి తుంపర. మా గదిలో ఏసీ చెడిపోతే బాగుచేయడానికి వారం పట్టేది, కొట్టంలో ఫ్యాను ఆగితే గంటలో మనిషి వచ్చేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత, పాలిచ్చేది అవే కదా, మనం కాదు కదా అని సరిపెట్టుకున్నాను.

పశువుల డాక్టరు గారు సూడాన్ మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, మెత్తటి మాట, చక్కటి ఇంగ్లీషు. నాకంటే ఏడాది ముందు వచ్చారు. వచ్చిన మొదటి రోజునుంచీ ఏ ఆవు ఎప్పుడు ఈనింది, దాని తల్లి ఎవరు, ఏ వేసవిలో ఎన్ని పాలిచ్చింది అన్నీ తన చేత్తో రిజిస్టర్లలో రాసుకునేవారు. ఆయన పట్టుదల ఒక్కటే. ఈ ఎండకు విదేశీ ఆవుల పాలు వేసవి రాగానే సగానికి పడిపోతాయి. పడిపోని ఆవులేవో పట్టుకోవాలి, వాటి సంతానాన్నే పెంచుకుంటూ పోవాలి.

అలాంటి ఆవు ఆయనకు ఒకటి దొరికింది. చెవి బిళ్ళ మీద నంబరు నూట పదిహేడు. అది యుద్ధం జరుగుతుండగా ఒక పెయ్యదూడను ఈని, ఆ వేసవికే పొదుగు జబ్బుతో పోయింది. ఆ పెయ్య పెరిగి, దానికి కూతుళ్ళు, కూతుళ్ళకు కూతుళ్ళు పుట్టి, ఎనిమిదేళ్ళలో పంతొమ్మిది ఆవులయ్యాయి. ఆగస్టులో కూడా వాటి పాలు తగ్గేవి కావు. డాక్టరు గారు వాటిని చూపించి మురిసిపోయేవారు. "ఒక్కటే నాకు అర్థం కాదు. కూతురు తల్లిని మించిపోయింది. ఆ మించింది ఎక్కడినుంచి వచ్చింది?" అని నన్ను అడిగేవారు, నాకేదో తెలిసినట్టు.

యుద్ధం అయిన రెండేళ్ళకు ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. ఆవుల లెక్కకు ఒక ఇంగ్లీషు ప్రోగ్రాము దాంతోపాటే వచ్చింది. డాక్టరు గారి రిజిస్టర్లన్నీ నేనే ఎనిమిది నెలలు కూర్చుని ఎక్కించాను. ఎక్కించాక, ఇక ఈ దుమ్ము పుస్తకాలు ఎందుకండీ, పెట్టెలోకి వెళ్ళిన తర్వాత కాగితంతో పనేముంది అని నేనే అన్నాను. ఆయన ఒక వారం ఆలోచించారు. స్టోరు ఖాళీ చేసేటప్పుడు అవి కూడా చెత్త గోతిలోకి వెళ్ళి కాలిపోయాయి. ఆ మాట నేనే అన్నానని గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం మరిచిపోలేదు.

ఆ తర్వాత ఐదారేళ్ళకు డాక్టరు గారికి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం ముగించుకుని దేశం వదిలి వెళ్ళమనే కాగితం, వచ్చింది. ఆయన వయసు అయిపోయిందని కంపెనీ కొత్త డాక్టరును పిలిపిస్తోంది. ఈయన తన ఊరి పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పుకుంటానన్నారు. నా బల్ల దగ్గరికి వచ్చి, ఆవుల పట్టికంతా ఫ్లాపీల మీద ఎక్కించి ఇమ్మని అడిగారు. "అది లేకుండా వెళితే నేనిక్కడ తొమ్మిదేళ్ళు జీతం తీసుకున్నానంతే" అన్నారు. ఆయన విమానానికి ఇంకా పంతొమ్మిది రోజులుంది. శనివారం ఇస్తానన్నాను.

సరిగ్గా ఆ వారమే ముదీర్, అంటే మా మేనేజరు, కొత్త పని పెట్టాడు. సర్కారు ఆఫీసులకు వెళ్ళే ఉత్తరాలన్నీ ఇకనుంచి కంప్యూటరు మీద అరబ్బీలోనే రావాలి. అరబ్బీ టైపు చేసే ఈజిప్టు ఆయన సెలవు మీద వెళ్ళాడు, శనివారం తిరిగొస్తాడు. అతను వచ్చేసరికి అరబ్బీ విండోస్ సిద్ధంగా ఉండాలి. సీడీ నా చేతిలో పెట్టి ముదీర్ రియాద్ వెళ్ళిపోయాడు.

చిక్కేమిటంటే ఆవుల ప్రోగ్రాము అరబ్బీ విండోస్‌లో నడవదు. అంకెలు వస్తాయి గానీ అక్షరాలన్నీ పిచ్చిగీతలైపోతాయి. రెండూ కావాలి, పెట్టె ఒక్కటే. రియాద్ బత్హా బజారులో కంప్యూటర్లు అమ్మే మలయాళీ ఒకతన్ని అడిగాను. అదేం పెద్ద సంగతి కాదన్నాడు. డిస్కును రెండు భాగాలు చేసి, ఒక భాగంలో ఇంగ్లీషు, రెండో భాగంలో అరబ్బీ పెట్టుకోవచ్చు. మిషన్ ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది, కావలసినదాన్ని ఎంచుకోవడమే. ఇది నడిచేటప్పుడు అది నిద్రపోతుంది.

నాకు మతి పోయింది. ఒకే పెట్టె, ఒకే కీబోర్డు, లోపల ఒకదానికొకటి సంబంధం లేని రెండు కాపురాలు! ఆ నిద్రపోయేది ఎక్కడ నిద్రపోతుంది? తాను పడుకున్న సంగతి దానికి తెలుస్తుందా? ఇలాంటి ప్రశ్నలు వేస్తుంటే ఆ మలయాళీ నవ్వి, బొమ్మలతో సహా అన్నీ ఉన్న నాలుగు జిరాక్సు కాగితాలు నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని జేబులో పెట్టుకుని, ఇక ఎవరి సాయమూ అక్కర్లేదనుకున్నాను.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసు తలుపు తీసి కూర్చున్నాను. కాగితంలో చెప్పినట్టే ముందు డిస్కును రెండుగా కోశాను. ఎంతెంత ఇవ్వాలో మన ఇష్టం. ఎవరికీ అన్యాయం జరగకూడదని సరిగ్గా చెరిసగం చేశాను. కాగితం మీద బొమ్మ ఉంది. పక్కపక్కన రెండు గళ్ళు, ఎడమది పాతది, కుడిది ఖాళీ. ఫ్లాపీల మీద ఆవుల పట్టిక ముందే తీసిపెట్టుకోవాలని తెలియక కాదు. పాత సగాన్ని నేను ముట్టుకోనే ముట్టుకోను, ఇంకెందుకు, పని అయ్యాక తీరిగ్గా తీద్దాం అనుకున్నాను.

అరబ్బీ సీడీ పెట్టగానే తెర నిండా అరబ్బీ. నాకు వచ్చిన అరబ్బీ అంతా ఇకామా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, మీద నా పేరు గుర్తుపట్టేంతవరకే. సాయానికి ఇద్దరిని పిలిచాను.

ఒకరు మా డ్రైవరు భాయ్, కడప మనిషి. చిన్నప్పుడు మదర్సాలో చదివాడు కాబట్టి అరబ్బీ అక్షరాలు గడగడా చదువుతాడు. అయితే చదివినదాని అర్థం మాత్రం తెలియదు. "సదవమంటే సదువుతా గానీ, దాని మానీ నన్నడగొద్దు అబ్బయ్యా" అని ముందే చెప్పేశాడు. రెండో ఆయన పాలు పితికే మిషన్ల దగ్గర పెద్ద, నిజామాబాద్ వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనకు ఏ భాషలోనూ అక్షరమ్ముక్క రాదు. కానీ పన్నెండేళ్ళుగా ఈజిప్టు, సూడాన్ వాళ్ళతో కలిసి పనిచేసి, చెవితో విన్న అరబ్బీ చాలావరకు అర్థమవుతుంది.

అలా మేం ముగ్గురం కలిసి ఒక మనిషిమయ్యాం. భాయ్ తెర చూసి పైకి చదువుతాడు. అన్న కళ్ళు మూసుకుని విని, అర్థం చెబుతాడు. నేను మీట నొక్కుతాను. భాయ్ కళ్ళు, అన్న చెవులు, నా వేళ్ళు. దీని ముందు ఆ రెండు విండోస్‌ల వింత ఎంతండీ! ఒక మాట భాయ్ నోటినుంచి బయటికి వచ్చి, అన్న చెవిలోకి వెళ్ళి, తెలుగై బయటపడేంతవరకూ నేను ఆ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను.

భాయ్ "మువాఫిక్" అని చదివాడు. అన్న వెంటనే అందుకున్నాడు.

"ఒప్పుకున్నట్టు సారు. మన లీవు కాయితం మీద ముదీర్ గదే రాస్తడు."

అది ఓకే బటన్ అని తెలిసిపోయింది. ఒక్కో తెరకు పది నిమిషాలు పట్టింది. అన్నకు తెలియని మాట వస్తే ముగ్గురం టీ తాగి, నా కాగితంలో ఆ బొమ్మ ఎక్కడుందో వెతికి, దాన్నిబట్టి ముందుకు వెళ్ళేవాళ్ళం.

సాయంకాలపు అసర్ నమాజుకు భాయ్ వెళ్ళి వచ్చాక ఆ తెర వచ్చింది. పక్కపక్కన రెండు గళ్ళు. రెండింటి మీదా ఒకే అంకె, చెరిసగం చేశాను కదా. కింద ఒక మాట. భాయ్ చదివాడు. "తయారు జేసుడు" అన్నాడు అన్న. కొత్త విండోస్ కోసం ఏ సగాన్ని తుడిచి తయారు చేయాలి అని అడుగుతోంది. నాకు అర్థమైంది, అర్థం కావడంలో తప్పేమీ లేదు. నా కాగితం తీసి చూసుకున్నాను. ఎడమది పాతది, కుడిది ఖాళీ. కుడివైపు సగం మీద బాణం పెట్టి, మువాఫిక్ నొక్కాను.

గంటన్నరకు అరబ్బీ విండోస్ తెరుచుకుంది. భాయ్ చప్పట్లు కొట్టాడు. అన్న తెర మీద చెయ్యి పెట్టి చూశాడు. రెండు పేర్లు చూపించి ఏది కావాలని అడుగుతుంది చూడండి అని గొప్పగా చెప్పి, మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఏమీ అడగలేదు. నేరుగా అరబ్బీలోకే వెళ్ళింది. ఇంకోసారి చేశాను, అంతే. లోపలికి వెళ్ళి రెండో సగం తెరిచాను. కడిగినట్టు ఖాళీగా ఉంది.

అప్పుడు నా కంటికి ఆనింది. ఇంగ్లీషు విండోస్‌లో ఎడమ మూల ఉండే స్టార్టు బటన్ ఇక్కడ కుడి మూల ఉంది. కిటికీ మూసే గుర్తు ఎడమన ఉంది. అరబ్బీ కుడినుంచి ఎడమకు నడుస్తుంది, గళ్ళు కూడా కుడినుంచే మొదలవుతాయి. మొదటి గడి, డాక్టరు గారి ఆవులున్న గడి, కుడివైపున ఉంది. అది నాకు తెలియనిదా? ఎనిమిదేళ్ళుగా ఆ దేశంలో ఉన్నాను, ప్రతి బోర్డూ కుడినుంచి మొదలవుతుందని తెలుసు. భాయ్ వేలు తెర మీద కుడినుంచి ఎడమకు జరగడం మధ్యాహ్నంనుంచీ ముచ్చటగా చూస్తూనే ఉన్నాను. మాటలు అటునుంచి నడుస్తాయని తెలుసు గానీ, బొమ్మ కూడా అటునుంచే నడుస్తుందని తట్టలేదు.

"ఏందబ్బయ్యా, మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు భాయ్. చెప్పాను. ఆయన ఇంకేమీ అడక్కుండా బండి తాళాలు తీశాడు. కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని గంటకు పైగా ప్రయాణం చేసి, రియాద్‌లో ఆ మలయాళీ దుకాణానికి వెళ్ళాం. అతను చాలాసేపు కష్టపడ్డాడు. అక్కడక్కడా తెగిపోయిన ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. పాతదాని మీద కొత్తది రాసేశారు సార్, కిందది ఇక రాదు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు భాయ్ రేడియో పెట్టలేదు.

శనివారం పొద్దున్నే డాక్టరు గారి గదికి వెళ్ళాను. మాస్కు సంగతిలా దీన్ని దాచలేను, దాచినా రెండు గంటల్లో బయటపడుతుంది. నిలబడే చెప్పాను. ఎంత పోయిందని అడిగారు. అంతా అన్నాను. ఆ పంతొమ్మిది ఆవులవీనా అన్నారు. అంతా అని మళ్ళీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కిటికీలోంచి కొట్టాలవైపు చూశారు. "నాకు పదిహేడు రోజులుంది" అన్నారు. అంతే, బూట్లు వేసుకుని పనికి వెళ్ళిపోయారు. చెంప పగలగొట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నానికి ఈజిప్టు ఆయన వచ్చి అరబ్బీలో ఉత్తరం కొట్టాడు. ముదీర్ దాన్ని చేతిలోకి తీసుకుని నన్ను మెచ్చుకున్నాడు. నేను వెళ్ళి బాత్రూములో కాసేపు కూర్చుని వచ్చాను.

సాయంత్రం అన్న నా గదికి వచ్చాడు. మంచం అంచున కూర్చుని అడిగాడు.

"సారు, గా పెట్టెల పోయినయి ఏంది? ఏ ఆవు ఎవలకు పుట్టింది, ఎప్పుడీనింది, గంతే గద?"

అంతే అన్నాను, చిరాగ్గానే.

"గది మాకెర్కనే గద."

ఆరు వందల ఆవులండీ. నాకు కోపమొచ్చింది, హాస్యానికి ఇదా సమయం అనుకున్నాను. పరీక్ష పెడదామని చేతికందిన నంబరు ఒకటి చెప్పాను. నంబర్లు నాకు చదవరావు, ఆవును చూపించు అన్నాడు. కొట్టానికి వెళ్ళాం. అక్కడ నిలబడి, దాని తల్లి నొసట చంద్రవంక ఉండేదనీ, అమ్మమ్మ పొదుగుకు ఎడమ చన్ను ఒకటి ఎండిపోయిందనీ, ఇది పుట్టింది ఫలానావాడు సెలవు మీద ఊరికెళ్ళిన వారమనీ చెప్పుకుపోయాడు. ఇంకో ఆవు దగ్గరికి వెళ్ళాం. దాని సంగతీ చెప్పాడు. పది ఆవులు చూశాక నేను అడగడం మానేశాను. చిన్నప్పటినుంచీ పశువుల వెనక తిరిగిన మనుషులు వీళ్ళు. రోజుకు మూడుసార్లు ఆ పొదుగుల దగ్గరే కూర్చుంటారు. తెలియకుండా ఎలా ఉంటుంది? ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న నా బుర్రకు రాలేదు, అన్నీ విప్పి చూసే బుర్ర కదా ఇది.

డాక్టరు గారు మొదట నమ్మలేదు. తనకు కంఠతా వచ్చిన ఆవుల దగ్గరికి అన్నను తీసుకెళ్ళి అడిగారు. ఆరింటికి ఆరు సరిపోయాయి. ఆయన మరుసటి రోజునుంచి కుర్చీ తెచ్చుకుని కొట్టంలో కూర్చున్నారు.

రెండు పితుకుళ్ళ మధ్య ఖాళీలో పని. ఒక్కో ఆవునూ ముందుకు తోలుతారు. అన్న, ఇంకో ముగ్గురు పాలవాళ్ళు చూసి చెబుతారు. ఒకరికొకరికి కుదరకపోతే తగాదా పడతారు, డాక్టరు గారు తీర్పు చెబుతారు. నేను కాగితం మీద రాసుకుని, పొద్దున కంప్యూటరులో ఎక్కిస్తాను. ఖాళీగా మిగిలిన సగంలో ఇంగ్లీషు విండోస్ పెట్టి, అసలు ఫ్లాపీలనుంచి ఆవుల ప్రోగ్రామును మళ్ళీ ఎక్కించాను. ఇప్పుడు మిషన్ ఆన్ చేయగానే రెండు పేర్లు వచ్చి, ఏది కావాలని అడిగేవి. ముందైతే ఊరందరినీ పిలిచి చూపించేవాణ్ణి. ఇప్పుడు ఇంగ్లీషు మీద నొక్కి, తల వంచుకుని పని చేసుకున్నాను. సాయంత్రానికల్లా ఒక ఫ్లాపీ కాపీ, ఒక కాగితం కాపీ.

తేదీల దగ్గర మాత్రం నాకు నవ్వూ ఆశ్చర్యమూ ఆగేవి కావు. ఏ నెల, ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రెండో రంజానుకు మూడు రోజుల ముందు అంటారు. విమానాలు వరసగా ఉత్తరానికి పోయిన పొద్దున అంటారు. మాస్కులు పంచిన నాడు, యుద్ధం ఆగిందని రేడియో చెప్పిన నాడు, నీళ్ళ ట్యాంకు కూలిన నాడు. డాక్టరు గారు, నేను తలలు దగ్గర పెట్టుకుని వాటిని తేదీలు చేసేవాళ్ళం. ఆయన డైరీలో యుద్ధం రోజులు ఉన్నాయి. చాలావరకు రెండు మూడు రోజుల తేడాలో కుదిరేది. డాక్టరు గారి ముఖంలో మెల్లగా రంగు వచ్చింది.

విమానానికి ఇంకా నాలుగు రోజులున్న నాడు, ఆ పంతొమ్మిది ఆవుల వంతు వచ్చింది. డాక్టరు గారు వాటిని చివరికి ఉంచుకున్నారు, పిల్లలు మిఠాయిని ఉంచుకున్నట్టు. యుద్ధంలో పుట్టిన ఆ మొదటి కూతుర్ని ముందుకు తోలారు. దీని సంగతి నేనే చెబుతాను, తల్లి నూట పదిహేడు అని ఆయనే చెప్పేశారు. నేను రాసేసుకున్నాను.

అన్న ఆ ఆవు మెడ మీద చెయ్యి వేశాడు. మిగతా ముగ్గురు పాలవాళ్ళూ నేల చూస్తున్నారు. తర్వాత అన్న అరబ్బీలో మొదలుపెట్టాడు. మధ్యలో మాట దొరక్కపోతే నావైపు తిరిగి తెలుగులో చెప్పేవాడు, నేను ఇంగ్లీషు చేసి డాక్టరు గారికి చెప్పేవాణ్ణి.

యుద్ధంలో ఒక రోజు నూట పదిహేడుకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు గారికి వేరే కొట్టంలో పని పడింది. దీన్ని వదిలి కదలొద్దని అన్నకు, ఇంకొకతనికి గట్టిగా చెప్పి వెళ్ళారు. అంతలో సైరన్ మోగింది. ప్రాణభయం, ఇద్దరూ పరుగెత్తి గోడ వెనక కూర్చున్నారు. తిరిగొచ్చేసరికి దూడ పుట్టి ఉంది, ముఖం మీది మాయపొర తీసేవాళ్ళు లేక ఊపిరాడక చచ్చిపోయి ఉంది. పక్క దొడ్డిలో అదే గంటలో ఇంకో ఆవు పెయ్యను ఈనింది. నూట పదిహేడేమో డాక్టరు గారు ప్రాణంగా చూసుకునే ఆవు, దాని దూడ తమ చేతుల్లో చచ్చింది. మరునాడే ఇంటికి పంపించేస్తారని వాళ్ళ భయం. ఊళ్ళో దూడ చచ్చిన ఆవుకు ఏం చేస్తారో అదే చేశారు. నూట పదిహేడో నంబరు ఆవు ఉమ్మనీరు తెచ్చి, ఆ పక్క పెయ్యకు ఒళ్ళంతా పూసి, నూట పదిహేడు ముందు వదిలి, చచ్చిన దూడను పక్క ఆవు దగ్గర పడేశారు. డాక్టరు గారు వచ్చేసరికి ఆవు దూడను నాకుతోంది. ఆయన తల్లి అనే గడిలో నూట పదిహేడు అని రాసుకున్నారు. పక్క ఆవుకు చచ్చిన దూడ పుట్టిందని రాసుకున్నారు.

డాక్టరు గారు కదలకుండా విన్నారు. ఈయన మిగిలిన నాలుగు రోజుల్లో అన్నను ఉద్యోగంలోంచి తీయించగలరు, అన్నకు ఆ సంగతి తెలుసు. నాకు భయం వేసింది.

"ఆ రెండో ఆవు నంబరెంత?" అని అడిగారు డాక్టరు గారు.

అన్నకు నంబరు తెలియదు. వెళ్ళి చివరి దొడ్డిలో నిలబెట్టిన ఒక ముసలి ఆవు చెవి పట్టుకుని ఇటు తిప్పాడు. మూడు వందల నలభై. నేను పైకి చదివాను. డాక్టరు గారు జేబులోంచి ఒక కాగితం తీశారు. మరునాడు కసాయి లారీ ఎక్కాల్సిన ఆవుల జాబితా అది, ఆయన చేతిరాతే. పదకొండు నంబర్లలో మూడోది మూడు వందల నలభై.

"ఎనిమిదేళ్ళు చెప్పనివాడివి ఇవాళ ఎందుకు చెప్పావు?" అన్నారు.

"రేపు లారీ వస్తది గద డాక్టర్" అన్నాడు అన్న. "దీనికి మొదటినుంచి పాలు తక్కువనే, గందుకే నీ కాయితంల నీకు కానరాలే; గానీ గింత ముసలితనంల గూడ ఎండాకాలం తగ్గలే. గందుకే ఇన్నేండ్లు ఏదో సాకు జెప్పి లారీ ఎక్కకుంట ఆపుకొచ్చినం. ఈసారి ఆపుడు మా చేత కాలే."

"నాకు ముందే చెప్పొచ్చు కదా. పాల సంగతైనా చెప్పొచ్చు కదా."

"నువ్వు ఎన్నడూ మమ్మల్ని అడగలే డాక్టర్. కాయితం సూసినవు."

దాన్ని ఇంగ్లీషు చేయడానికి నాకు నోరు రాలేదు. చేయనవసరం కూడా లేకపోయింది, అన్న అరబ్బీలోనే అన్నాడు. డాక్టరు గారు నా చేతిలోని పెన్ను తీసుకుని, జాబితాలో మూడో నంబరు కొట్టేశారు. తర్వాత నా ముందున్న కాగితం మీద, తల్లి అనే గడిలో నూట పదిహేడు కొట్టేసి, మూడు వందల నలభై అని తన చేత్తో రాశారు. రాసి, లేచి, గచ్చు మీద నెమ్మదిగా నడుచుకుంటూ ఆ ముసలి ఆవు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచారు. అది ఆయన్ని చూసి, సూది వేయడానికి వచ్చారనుకుని, రెండడుగులు వెనక్కి వేసింది.